నైట్ డ్యూటీ, నిద్ర, నిలదొక్కుకోవడం: ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

ఇమేజింగ్ విభాగాల్లో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. ఒత్తిడి తట్టుకోవడం గురించి ఎన్ని క్లాసులు పెట్టినా మనిషికి సరిపడా నిద్ర లేకపోతే అవేవీ నిలబడవు. ఆ నిద్ర కొంత మన చేతిలో ఉంటే, చాలావరకు రోస్టర్ (డ్యూటీల పట్టిక) రాసేవాళ్ల చేతిలో ఉంది.

## అసలు సంగతి

నాకు నిద్ర పట్టకపోవడానికి రేడియేషనే కారణమా?

కాదు. ఈ అనుమానం కొత్తగా చేరినవాళ్లకే కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా బాగా ఉంటుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి సిబ్బందికి తగిలే రేడియేషన్‌కి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్ధతిగా పనిచేసే డయాగ్నొస్టిక్ సిబ్బందిలో ఎక్కువమంది టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది) రీడింగు ఇందులో చాలా చిన్న భాగమే ఉంటుంది, ఆ మోతాదుకి నిద్ర చెడిపోదు. అసలు ఎక్స్‌రే కిరణాలే వాడని ఎమ్మారైలో నైట్స్ చేసేవాళ్లు కూడా ఇదే బాధ చెప్తారు కదా. వేళ కాని వేళలో పని, దిగాక వేళ కాని వేళలో నిద్ర, కారణం అక్కడుంది. అలాగని బ్యాడ్జి లేకుండా పనిచేయమంటే మాత్రం ఒప్పుకోకండి.

పగలు ఏడెనిమిది గంటలు మంచం మీదే ఉంటున్నా, లేచాక ఒళ్లు బరువుగానే ఉంటోంది. ఎందుకు?

మంచం మీద ఉన్న గంటలు వేరు, నిద్రపోయిన గంటలు వేరు. మన ఒంట్లో సుమారు 24 గంటలకోసారి తిరిగే గడియారం ఉంది. అది కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్య నోబెల్ ఇచ్చారు. రాత్రి ఒంటి వేడి తగ్గి, నిద్ర వేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ పెరుగుతుంది, తెల్లారాక ఇదంతా తిరగబడుతుంది. అంటే మీరు పడుకునే సమయానికి ఒళ్లు లేవడానికి సిద్ధమవుతూ ఉంటుంది, అందుకే పగటి నిద్ర పలచగా ఉండి ఊరికే మెలకువ వచ్చేస్తుంది.

మన విభాగానికి ఇంకో తిప్పలు కూడా ఉంది. రాత్రంతా కిటికీలు లేని చల్లటి కన్సోల్ గదిలో (మెషీన్ నడిపే గది), సగం చీకట్లో కూర్చుంటాం. పొద్దున ఎనిమిదింటికి బయటకు రాగానే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, 'ఇక పగలైంది, లే' అన్న కబురు సరిగ్గా మనం పడుకోవాలనుకున్నప్పుడే మెదడుకి అందుతుంది.

నా నిద్ర నిజంగా పాడైందో, ఊరికే అనుకుంటున్నానో ఎలా తెలుసుకోవాలి?

పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచిక అని ఒక ప్రశ్నావళి ఉంది, 1989 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. గడిచిన నెల రోజుల గురించి అడుగుతుంది. పడుకున్నాక ఎంతసేపటికి నిద్ర పడుతోంది, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, మధ్యలో ఎన్నిసార్లు లేస్తున్నారు, మందులు వాడుతున్నారా, పగలు మగతగా ఉంటోందా, ఇలా మొత్తం ఏడు భాగాలు. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. ఐదు దాటితే నిద్ర బాగోలేదని లెక్క. పగటి మగతను మాత్రమే చూసేది ఎప్‌వర్త్ స్కేలు, 24కి పది దాటితే పట్టించుకోవాలి.

అయితే షిఫ్టుల్లో ఉన్నవాళ్లకి 'మామూలుగా ఎన్నింటికి పడుకుంటారు' అన్న ప్రశ్నకే జవాబు ఉండదు. అందుకని రెండు వారాలు ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి: ఏ షిఫ్టు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, లేచాక ఎలా ఉంది. మార్నింగ్ రోజులు, నైట్ రోజులు విడివిడిగా చూస్తే విషయం ఇట్టే బయటపడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ పుస్తకం పనికొస్తుంది.

'రెసిలియన్స్ పెంచుకోండి' అంటారు మేనేజ్‌మెంట్ వాళ్లు. అంటే ఎంత పని పడేసినా నోరెత్తకుండా చేయడమా?

కాదు. దెబ్బ తగిలాక మళ్లీ మామూలు స్థితికి రాగలగడం, ఆ మాటకి అర్థం అంతవరకే. దెబ్బలు తింటూనే ఉండాలని కాదు. క్యాజువాలిటీలో చిన్నపిల్లాడి యాక్సిడెంట్ కేసు సీటీ చేశాక మనసు బాగోదు. అది మామూలే, రాయి కాదు కదా మనిషి. రెండు రోజులకి తేరుకుంటే ఆ శక్తి ఉన్నట్టే. రోజురోజుకీ చిన్న విషయాలకే కోపం, ఏడుపు, 'నాకెందుకులే' అనిపించడం ఎక్కువవుతుంటే తగ్గుతున్నట్టు.

నిద్ర ఇక్కడే కీలకం. నిద్ర చాలని మెదడు భయాన్ని, కోపాన్ని అదుపు చేసుకోలేదు, నిన్నటి దెబ్బ నిన్నటితో పోదు. అందుకే వరస నైట్స్ మధ్యలో, డ్యూటీ దిగినవాళ్లని ఆపి మరీ రెసిలియన్స్ వర్క్‌షాప్‌లో కూర్చోబెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆ రెండు గంటలు ఇంటికి పంపి పడుకోనిస్తే అంతకంటే ఎక్కువ మేలు.

## నైట్‌కి వెళ్లే ముందు

మొదటి నైట్ రోజు మధ్యాహ్నం పడుకోవాలా, మేలుకుని ఉండాలా?

పడుకోండి. పొద్దున ఏడింటికి లేచి, పగలంతా పనులు చూసుకుని, రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కితే దిగేసరికి పాతిక గంటలు మేలుకున్నట్టు. మధ్యాహ్నం భోజనం అయ్యాక గంటన్నర పడుకుంటే ఒక పూర్తి నిద్ర చక్రం అయిపోతుంది, తెల్లవారుజామున తేడా మీకే తెలుస్తుంది. నిద్ర పట్టకపోయినా ఫోన్ పక్కన పడేసి చీకటి గదిలో కళ్లు మూసుకుని ఉండండి, ఎంతోకొంత విశ్రాంతి అందుతుంది. ఆ రోజు బ్యాంకు పనులు, పెళ్లిళ్లు పెట్టుకోవద్దు.

నైట్‌లో ఏం తినాలి? తెల్లారేసరికి కడుపు ఉబ్బరం.

అసలు భోజనం డ్యూటీకి ముందే, ఏడు ఏడున్నరకి ఇంట్లో తినేయండి. అర్ధరాత్రి దాటాక జీర్ణశక్తి కూడా మందగిస్తుంది, అప్పుడు క్యాంటీన్ బిర్యానీ తింటే గుండెల్లో మంట, దానివల్ల పగటి నిద్ర కూడా పోతుంది. రాత్రి ఆకలేస్తే పెరుగన్నం, అరటిపండు, వేయించిన శనగలు, గుడ్డు చాలు. నీళ్లు మర్చిపోకండి, ఏసీ గదిలో దాహం తెలియదు.

## డ్యూటీలో ఉండగా

రాత్రి మూడు దాటాక బుర్ర అస్సలు పనిచేయదు. తప్పు చేస్తానేమోనని భయం. ఏం చేయాలి?

భయం ఉండటం మంచిదే. సుమారు మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి బాగా పడిపోయి, చురుకుదనం అట్టడుక్కి వెళ్తుంది. ఎంత అనుభవం ఉన్నా ఇది తప్పదు, మనసు గట్టి చేసుకుంటే పోయేది కాదు. కాబట్టి ఆ వేళలో మీ జ్ఞాపకాన్ని నమ్మకండి, ఒక వరసని నమ్మండి. పేరు పేషెంట్ నోటితోనే చెప్పించాలి, స్పృహ లేకపోతే చేతి బ్యాండ్ చూడాలి. తర్వాత యూహెచ్ఐడీ నంబరు (పేషెంట్‌కి ఆసుపత్రి ఇచ్చే గుర్తింపు నంబరు), ఏ భాగం, కుడా ఎడమా, ఆడవాళ్లయితే గర్భం సంగతి, కాంట్రాస్ట్ (స్కాన్ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇవ్వాలంటే అలర్జీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష). ఇవన్నీ పైకి అనుకుంటూ, ప్రతిసారీ ఇదే వరసలో చూడండి. పైకి అనడం వల్ల చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే కన్ను చూస్తుంది. కుడి ఎడమ మార్కర్ ఎక్స్‌పోజర్‌కి ముందే పెట్టండి, తర్వాత కంప్యూటర్లో పెడదాంలే అనుకోవద్దు.

ఎమ్మారైలో ఇంకా జాగ్రత్త కావాలి. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన పేషెంట్ బంధువు ఒకతను చనిపోయాడు. నిద్రలేమి వల్ల జరిగిందని అనడం లేదు. కానీ ఆ అయస్కాంతం పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంటుంది, మన చూపు మాత్రం ఒకేలా ఉండదు. ట్రాలీ, సిలిండర్, పేస్‌మేకర్, పాత ఆపరేషన్ క్లిప్పులు, పేషెంట్‌తో వచ్చినవాళ్ల జేబులు, ఒక్కొక్కటీ అడిగి, చేత్తో చూసి, ఆ తర్వాతే తలుపు తీయండి.

ఇక కన్సోల్ ముందు గంటలకొద్దీ కూర్చోకండి. లైట్లు వేసి, లేచి, కారిడార్లో ఐదు నిమిషాలు నడిచి రండి.

టీ కాఫీలు ఎన్నింటి వరకు తాగొచ్చు?

పొద్దున ఎనిమిదింటికి దిగి తొమ్మిదిన్నరకి పడుకునేవాళ్లు రాత్రి రెండింటి తర్వాత ఆపేయాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి వార్డ్ బాయ్ తెచ్చిన టీ పదింటికి కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది. ఒకేసారి పెద్ద కప్పు తాగే బదులు రాత్రి మొదటి సగంలో కొంచెం కొంచెంగా తాగితే బాగా పనిచేస్తుంది.

కేసులు లేనప్పుడు కునుకు తీస్తే తప్పా?

వైద్యపరంగా చూస్తే తప్పు కాదు, మంచిది. 20 నిమిషాల కునుకు చాలు, చురుకుదనం స్పష్టంగా పెరుగుతుంది. అరగంట దాటి గాఢ నిద్రలోకి జారాక ఎవరైనా లేపితే కొంతసేపు ఎక్కడున్నామో కూడా తెలియనంత మత్తుగా ఉంటుంది, స్ట్రోక్ (పక్షవాతం) కేసు అప్పుడే వస్తే కష్టం. అలారం పెట్టుకోండి, లేచాక ముఖం కడుక్కుని కాసేపు ఆగి కాంట్రాస్ట్ ఎక్కించే ఇంజెక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇద్దరుంటే వంతులు వేసుకోవాలి.

కానీ దొంగతనంగా కాదు. మీ ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఫోన్ ఎత్తాలి అన్నది ముందే తేల్చుకోండి. కుర్చీలు కలుపుకుని తలుపు గడియ పెట్టుకుంటే, ఏదైనా జరిగిన రోజు మాట పడేది మీరే.

రాత్రంతా ఒక్కడినే. ఐసీయూ పోర్టబుల్స్ (మంచం దగ్గరికే మెషీన్ తీసుకెళ్లి తీసే ఎక్స్‌రేలు), క్యాజువాలిటీ సీటీ రెండూ నేనే చూడాలి. ఎలా నెగ్గుకురావాలి?

ఇది మీ సామర్థ్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, మనుషులు చాలకపోవడం. అయినా ఈ రాత్రి గడవాలి కాబట్టి చెప్తున్నాను. స్ట్రోక్, తల దెబ్బలు, ఊపిరాడని కేసులు ముందు, మిగతావన్నీ తర్వాత. ఈ వరస మీరొక్కరే నిర్ణయించుకోకుండా డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి 'రెండు కేసులున్నాయి, ఏది ముందు' అని అడగండి, అడిగిన టైమ్ రిజిస్టర్‌లో రాయండి. స్ట్రోక్‌లో రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అంటే మీరు పోర్టబుల్‌తో నాలుగో అంతస్తులో ఉన్న అరగంట కూడా లెక్కలోకి వస్తుంది. అలా ఆలస్యమైన ప్రతి కేసూ రాసి ఉంచండి, రెండో మనిషిని అడిగే రోజు అదే మీ బలం.

పేషెంట్‌తో వచ్చినవాళ్లు తిట్టారు, ఒకతను చెయ్యి కూడా ఎత్తాడు. ఇంటికొచ్చినా అదే తిరుగుతోంది, నిద్ర రావట్లేదు.

ముందు అది మీ తప్పు కాదని గట్టిగా అనుకోండి. ఆలస్యం చేసింది వ్యవస్థ, ఎదురుగా కనిపించింది మీరు. డ్యూటీ దిగేముందే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టి సెక్యూరిటీకి, సూపర్‌వైజర్‌కి ఇవ్వండి. రాసేస్తే బుర్రలో తిరగడం కూడా కొంత తగ్గుతుంది. ఇంటికి వెళ్లేలోపు ఒక తోటి ఉద్యోగికి పది నిమిషాలు చెప్పుకోండి. ఆసుపత్రి సిబ్బందిపై దాడులకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, అందులో పారామెడికల్ సిబ్బంది కూడా ఉన్నారు. 'పోనీలే' అని వదిలేయమని ఎవరన్నా ఆ ఫిర్యాదు కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

## డ్యూటీ దిగాక

పొద్దున బండి మీద ఇంటికి వెళ్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. టీ తాగి వెళ్తే సరిపోతుందా?

సరిపోదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని, 24 గంటలకి అది 0.10 శాతం దాకా వెళ్తుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం తేల్చింది. మన చట్టం ప్రకారం 0.03 శాతం దాటితేనే డ్రంకెన్ డ్రైవ్ కేసు. నైట్ దిగినవాళ్లని ఏ చెక్‌పోస్టులోనూ ఊదమనరు, అంతే తేడా.

రోడ్డు మీద ఒక్క క్షణం కన్ను మూతపడినా హెల్మెట్ ఏం కాపాడుతుందో చెప్పలేం. మెట్రో, బస్సు, షేర్ ఆటో, ఏది ఉంటే అది ఎక్కండి. నైట్ వారం మొత్తానికి ఇద్దరు ముగ్గురు కలిసి క్యాబ్ మాట్లాడుకోండి. ఏదీ కుదరకపోతే డిపార్ట్‌మెంట్‌లోనే 20 నిమిషాలు పడుకుని, ముఖం కడుక్కుని, అప్పుడు బయల్దేరండి.

పగలు ఇంట్లో నిద్ర పట్టాలంటే ఏం చేయాలి? ఎండ, చప్పుళ్లు, కాలింగ్ బెల్.

వచ్చే దారిలోనే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. బండి నడుపుతూ వస్తున్నవాళ్లు మాత్రం వద్దు, మగత ఇంకా పెరుగుతుంది. కొద్దిగా తిని, స్నానం చేసి, వెంటనే పడుకోండి. సోఫాలో కూర్చుని ఫోన్ తీశారంటే పదకొండు అవుతుంది. కిటికీకి మందపాటి ముదురు రంగు దుప్పటి కట్టినా సరే, గది చీకటిగా ఉండాలి. మే నెలలో మన ఊళ్లల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇంట్లో ఒక్క గదికే కూలరో ఏసీయో పెట్టగలిగితే అది నైట్ చేసేవాళ్ల గదికే పెట్టాలి.

ఒకేసారి ఏడు గంటలు రావట్లేదని బాధపడకండి. తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు పడుకున్నా పనవుతుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ గంటలు ముందే చెప్పండి, రోస్టర్ ఫోటో ఫ్రిజ్ మీద అంటించండి.

నైట్ దిగి ఇంటికెళ్తే వంట, పిల్లల స్కూలు, అత్తమామలు. నేను పడుకునేది మధ్యాహ్నం పన్నెండుకి. నాలాంటి వాళ్లు ఏం చేయాలి?

మన విభాగంలో ఆడవాళ్లకి రెండో డ్యూటీ ఇంటి దగ్గర మొదలవుతుంది. దీనికి చిట్కాలతో పరిష్కారం లేదు, పని పంచుకోవాల్సిందే. ఇంట్లో ఇలా చెప్పి చూడండి: 'రాత్రి ఎంతోమందికి సూదులేసి స్కాన్లు తీశాను, నిద్ర లేకుండా రేపు వెళ్తే ఎవరికైనా ప్రమాదం'. మీ సుఖం కోసం అడిగితే వినని వాళ్లు కూడా పేషెంట్ ప్రాణం అంటే ఆలోచిస్తారు. నైట్ రోజుల్లో పొద్దుటి వంట, పిల్లల్ని దింపడం మీ పేరు మీద ఉండకూడదు, వారానికి రెండు మూడు పూటలు కర్రీ పాయింట్ నుంచి తెప్పించుకుంటే ఏ కొంపా మునగదు.

గర్భం అని తెలిసిన వెంటనే ఇన్‌ఛార్జ్‌కి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి రాసి ఇవ్వండి. అప్పటినుంచి మిగిలిన గర్భకాలం మొత్తానికి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్టు దాటకూడదు. నైట్స్ తగ్గించమని కూడా అదే కాగితంలో అడగండి.

క్యాథ్‌ల్యాబ్‌లో (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే గది) లెడ్ ఏప్రాన్ (ఎక్స్‌రేలను ఆపే బరువైన కోటు) వేసుకుని నిలబడ్డ రోజు నడుం నొప్పితో నిద్ర రాదు.

భుజాల మీద మొత్తం బరువు పడే ఏప్రాన్ అయితే పైది, కిందది విడిగా ఉండే రకం అడగండి, సగం బరువు తుంటి మీదకి వెళ్తుంది. కేసుకీ కేసుకీ మధ్య తీసేయండి. నొప్పి కాలులోకి దిగుతుంటే ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవాల్సిందే.

మెలటోనిన్ వేసుకోవచ్చా? ఫ్రెండ్ ఆల్ప్రాజోలం సగం బిళ్ల వేసుకోమన్నాడు.

ఆల్ప్రాజోలం వద్దు. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు, అలవాటు పడితే మానడం చాలా కష్టం. తెలిసిన ఫార్మసీలో చనువుగా ఇచ్చేస్తారు, ఆసుపత్రి మనుషులకి ఉన్న ప్రమాదమే అది. మెలటోనిన్ కొంతమందికి పగటి నిద్రలో కొంచెం సాయపడుతుంది, అద్భుతాలేమీ చేయదు, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టొద్దు. మద్యం పుచ్చుకుంటే నిద్ర త్వరగా పడుతుంది గానీ రెండు మూడు గంటలకే తెగిపోతుంది. వారంలో కనీసం మూడు రోజులు, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే బిళ్లల కంటే ముందు వాడాల్సింది సీబీటీ-ఐ అనే చికిత్స. నిద్ర అలవాట్లని, ఆలోచనల్ని సరిచేసే కౌన్సెలింగ్ అది.

## నెలలు, ఏళ్లు గడిచాక

నైట్ డ్యూటీల వల్ల క్యాన్సర్ వస్తుందని చదివాను. నిజమా?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ఒకసారి, 2019లో మళ్లీ పరిశీలించి రాత్రి పనిని '2ఏ' వర్గంలో పెట్టింది, అంటే 'బహుశా కారణం కావచ్చు' అని. ఆ వర్గం ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెప్తుంది తప్ప మీకు ఎంత ప్రమాదమో చెప్పదు. భయపడి ఉద్యోగం మానేయాల్సిన పని లేదు. దానికంటే దగ్గరగా ఉన్నవి షుగర్, బీపీ, బరువు. వాటిని ఏడాదికోసారి తప్పకుండా చూపించుకోండి. గురక బాగా వస్తూ, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటే స్లీప్ అప్నియా పరీక్ష చేయించుకోండి, చాలామంది దాన్ని నైట్స్ మీదకి నెట్టేసి ఏళ్లు పోగొట్టుకుంటారు.

రోస్టర్ మార్చమని ఇన్‌ఛార్జ్‌ని అడగాలి. ఏమని అడగాలి?

నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కింద చెప్పినవి మా విభాగాల్లో పెద్ద ఖర్చు లేకుండా అయ్యే పనులు.

షిఫ్టులు ముందుకి తిరగాలి: మార్నింగ్, తర్వాత ఈవెనింగ్, తర్వాత నైట్. ఒంటి గడియారం 24 గంటల కంటే కొద్దిగా నిదానం, అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, త్వరగా పడుకోవడం కష్టం. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు ఉండాలి, యూరప్‌లో ఇది చట్టమే. ఈవెనింగ్ ముగించుకుని పదింటికి ఇల్లు చేరిన మనిషిని పొద్దున ఎనిమిదింటికి మార్నింగ్‌కి రమ్మంటే అతను నిద్రపోయేది ఐదారు గంటలే. వరస నైట్స్ రెండు మూడుకి మించకూడదు.

నైట్ దిగిన రోజుని వీక్లీ ఆఫ్‌గా లెక్కేయడం చాలా చోట్ల జరుగుతోంది, ఇది అన్యాయం. ఆ రోజు మనం పడుకోవడానికే సరిపోతుంది, ఆఫ్ అనేది ఆ మర్నాటి నుంచి మొదలవ్వాలి. రోస్టర్ కనీసం రెండు వారాల ముందు చేతికి రావాలి. రిలీవర్ (మన తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన మనిషి) రాకపోతే కంటిన్యూ డ్యూటీ ఎవరికి, అది ఎన్ని గంటలు దాటకూడదు అన్నది కాగితం మీద ఉండాలి.

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు. ఐసీయూ రొటీన్ ఛాతీ ఎక్స్‌రేలు డాక్టర్ల రౌండ్స్‌కి సిద్ధంగా ఉండాలని నాలుగింటికి మొదలుపెడతారు, మనిషి చురుకుదనం అట్టడుగున ఉన్న వేళ అది. ఆరింటికి జరపమని అడగండి. రిపీట్ ఎక్స్‌పోజర్ల (సరిగ్గా రాక మళ్లీ తీసిన ఎక్స్‌రేల) లెక్క గంటలవారీగా తీసి పక్కన పెట్టండి. 'అలసిపోతున్నాం' అంటే విననివాళ్లు, 'ఈ వేళలో రిపీట్స్ ఇన్ని' అంటే వింటారు. ఒక్కరే వెళ్లకండి, నలుగురు సంతకాలు పెట్టి వెళ్లండి.

ఇది మామూలు అలసటా, బర్నౌటా, డిప్రెషనా?

రెండు రోజులు బాగా పడుకుంటే తగ్గేది అలసట. ఆఫ్ తీసుకున్నా తగ్గకుండా, పనంటే విరక్తి పుట్టి, పేషెంట్లు మనుషుల్లా కాక నంబర్లలా కనిపిస్తూ, 'నేను దేనికీ పనికిరాను' అనిపిస్తుంటే అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు, అదుపు కాని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. అంటే మారాల్సింది పని పరిస్థితి కూడా. ఉద్యోగంలోనే కాకుండా పిల్లలతో ఆడుకోవడం, తిండి, పాటలు ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్ట్‌ని కలవండి.

బతకడం దండగ అనిపించిన రాత్రి మాత్రం తెల్లారేదాకా ఆగకండి. టెలి మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన ఉన్న సిస్టర్‌కి చెప్పినా సరే.

నైట్స్ లేని ఉద్యోగానికి మారిపోవాలా?

సరైన ఆఫ్‌లు, ముందుకి తిరిగే షిఫ్టులు వచ్చాక కూడా మూడు నెలలు ఇలాగే ఉంటే ఆలోచించండి. కొందరి శరీరం నైట్స్‌కి ఎప్పటికీ అలవాటు పడదు, వయసు నలభై దాటాక ఇంకా కష్టమవుతుంది. పగలు మాత్రమే నడిచే డయాగ్నొస్టిక్ సెంటర్లు, పారామెడికల్ కాలేజీల్లో బోధన, మెషీన్ కంపెనీల్లో అప్లికేషన్ ట్రైనర్ పోస్టులు, పాక్స్ (స్కాన్ చిత్రాలు దాచే కంప్యూటర్ వ్యవస్థ) నిర్వహణ, ఇవన్నీ మన చదువుకి సరిపోయేవే. జీతం కొంత తగ్గొచ్చు, నైట్ అలవెన్స్ పోతుంది, ఇంట్లో కూర్చుని ఆ లెక్క వేసుకోండి. రాజీనామా మాత్రం వరస నైట్స్ దిగిన పొద్దున రాయకండి, రెండు రాత్రులు ఇంట్లో పడుకున్నాక రాయండి.